ఫన్ ఫ్రైడేలు చాలు, క్యాబ్ రోస్టర్ చూడండి: హైదరాబాద్ ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ పెద్దలకు బహిరంగ లేఖ

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల ఐటీ, బీపీవో కంపెనీల్లో హెచ్‌ఆర్, డెలివరీ, ఫెసిలిటీస్ విభాగాలు చూసే పెద్దలకు,

నమస్కారం.

మేం మీ దగ్గర పనిచేసేవాళ్లమే. మాలో టీమ్ లీడ్లున్నారు, షిఫ్ట్ రోస్టర్లు (ఎవరు ఎప్పుడు రావాలో చెప్పే పట్టికలు) వేసేవాళ్లున్నారు, ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ నడిపేవాళ్లున్నారు, హెచ్‌ఆర్‌లో కింది మెట్టు మీద ఉన్నవాళ్లూ ఉన్నారు. ఉద్యోగుల మధ్య స్నేహాలు పెరగాలని మీరు తరచూ మెయిళ్లు పంపుతుంటారు. ఉద్దేశం మంచిదే. కానీ దానికోసం ఖర్చు ఫన్ ఫ్రైడేలనే శుక్రవారం సందళ్ల మీద పెడుతున్నారు, స్నేహం పుట్టేది ఇంకోచోట. సీటింగ్ ప్లాన్, బ్రేక్ షెడ్యూల్, క్యాబ్ రూట్లు, రేటింగ్ పాలసీ అని మీరు సంతకం పెట్టే కాగితాలే ఆ స్నేహాలను మొదట్లోనే తుంచేస్తున్నాయి. ఈ లేఖ వాటి గురించి.

ముందు గంటల లెక్క చూద్దాం. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, ఫలానావాడు నా ఫ్రెండ్ అని చెప్పుకోవడానికి 90, ఆత్మీయ స్నేహం కుదరడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని ఆయన అంచనా కట్టారు. ఇందులో ఒక మెలిక ఉంది. కలిసి పనిచేసిన గంటలు ఈ లెక్కకు పెద్దగా కలిసిరావు. కలిసి తిన్నవి, కబుర్లాడుకున్నవి, ఊరికే గడిపినవి కలిసివస్తాయి.

దీన్ని మన ఆఫీసుకు వర్తింపజేసి చూడండి. వారానికి మూడు రోజులు ఆఫీసు, రోజుకు అరగంట లంచ్. వారానికి గంటన్నర. ఆ లెక్కన 50 గంటలు నిండడానికి 33 వారాలు పడుతుంది. 200 నిండేసరికి రెండున్నరేళ్లు దాటుతుంది. అప్పటికి ప్రాజెక్టన్నా మారిపోతుంది, మనిషన్నా మారిపోతాడు. ఏడాదికి నాలుగు ఫన్ ఫ్రైడేలూ శామీర్‌పేట వైపు రిసార్టులో ఒక అవుటింగూ కలిపినా ఇరవై గంటలు రావు. వాటిలోనూ సగం సేపు డీజే మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడదు.

అదే, ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలికి కంపెనీ క్యాబ్‌లో వచ్చేవాళ్ల సంగతి చూడండి. ట్రాఫిక్ దయతలచిన రోజున కూడా రాను గంట, పోను గంట. మూడు రోజులకు ఆరు గంటలు. 200 గంటలు ఎనిమిది నెలల్లో నిండుతాయి. మీ కంపెనీలో గట్టి స్నేహాల గురించి ఎప్పుడైనా ఆరా తీయండి, చాలావాటి మూలం ఏదో ఒక రూట్ నంబరు దగ్గర తేలుతుంది.

అయితే ఆ రూట్లను రోజూ రాత్రి సాఫ్ట్‌వేర్ కొత్తగా కలిపేస్తోంది. కిలోమీటర్లు తగ్గించడమే దానికి తెలిసిన ధర్మం. నాగోల్‌లో ఎక్కే అమ్మాయి సోమవారం ఒక బండిలో, బుధవారం ఇంకో బండిలో వస్తుంది. రోజూ కొత్త మొహాలు. ఇక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోక ఏం చేస్తుంది? మేం కోరేది, రూట్ గ్రూపులను మూడు నెలలకోసారి ఖరారు చేసి, ఆ 13 వారాలూ కదపకుండా ఉంచమని. షిఫ్టో, ఇల్లో మారినవాళ్లను మాత్రం మార్చాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో ఎలాగూ రూట్‌ను లాక్ చేసే వీలుంటుంది. లేకపోతే గ్రూపును ఒకే పికప్ పాయింటు కింద నమోదు చేస్తే అదే విడదీయడం మానేస్తుంది. చుట్టు తిరుగుడు పది నిమిషాలు లేదా మూడు కిలోమీటర్లు దాటనంతవరకు పాత గ్రూపునే కొనసాగించాలని ఒక హద్దు పెట్టుకోండి. ఆ మేరకు వెండర్ బిల్లు కాస్త పెరుగుతుంది, దాన్ని ఫన్ ఫ్రైడే బడ్జెట్ నుంచి కట్టొచ్చు.

ఇందులో చెడిపోయే చోట్లు మాకు తెలుసు. ఒకరు రోజూ ఆలస్యంగా దిగివస్తే మిగతా ఐదుగురికీ ఒళ్లు మండుతుంది. అందుకే మూడు నిమిషాలు చూసి బండి కదిలిపోవాలి, ఆ నిబంధన డ్రైవర్ నోటితో కాకుండా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ మెసేజ్‌గా వెళ్లాలి. లేకపోతే తిట్లు తినేది డ్రైవరే. రాత్రి షిఫ్టులో గార్డు లేకుండా మహిళను మొదట ఎక్కించుకోకూడదు, చివర దింపకూడదు. ఆ నియమం ముందు స్నేహం సంగతి తర్వాతే. గ్రూపు అదే ఉంటుంది, దింపే వరస మారుతుంది. ఇక ఫలానా వ్యక్తితో కలిసి ప్రయాణం నాకు ఇబ్బందిగా ఉందని ఎవరన్నా అంటే, కారణం చెప్పమని నిలదీయకుండా ఇరవై నాలుగు గంటల్లో బండి మార్చాలి. ఈ వెసులుబాటు లేకుండా గ్రూపులు బిగిస్తే అది స్నేహానికి దారి కాదు, శిక్ష.

బీపీవో ఫ్లోర్ల మీద బ్రేకుల తంతు ఇంకో అన్యాయం. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ పెంట్‌లాండ్ 2012లో ఒక బ్యాంకు కాల్ సెంటర్ ఉదాహరణ రాశారు. అక్కడ ఒక్కొక్కరిని ఒక్కో సమయంలో కాఫీకి పంపే పద్ధతి మాన్పించి, టీమ్ మొత్తాన్ని ఒకేసారి పంపారు. సగటు కాల్ సమయం వెనకబడిన టీముల్లో 20 శాతానికి పైగా, మొత్తమ్మీద 8 శాతం తగ్గింది. ఏ కాల్‌ను ఎలా తెమల్చాలో ట్రైనింగ్ స్లైడ్ల కంటే పక్కవాడితో టీ తాగుతుంటేనే బాగా బోధపడుతుంది మరి.

మీ డబ్ల్యూఎఫ్ఎం (సిబ్బంది వేళలు చూసే విభాగం) వాళ్లు వెంటనే అడ్డం చెబుతారు, క్యూలో ఉన్న కాల్స్ ఎవరు చూస్తారని. కాగితం మీద లెక్క వేయండి. పన్నెండేసి మందితో పది టీములు, ఫ్లోర్ మీద 120 మంది. ఇప్పుడు ప్రతి టీమ్ నుంచి ఒకరిద్దరు చొప్పున పంపినా ఒక్కో పావుగంటలో 12 మంది సీట్లో ఉండరు. ఒక టీమ్ మొత్తాన్ని పంపినా లేనిది ఆ 12 మందే. ఫ్లోర్‌కు నష్టం అంతే. ఇది చెడేది ఒక్కచోట: ఆ క్యూ ఆ ఒక్క టీమ్‌కే వచ్చే చోట. తెలుగు కస్టమర్ల లైన్ చూసే టీమ్ ఒక్కటే ఉంటే దాన్ని ఆరుగురు, ఆరుగురుగా రెండు భాగాలు చేయండి. నెలకోసారి ఆ ఆరుగురిని అటూ ఇటూ మార్చండి. నెల మొదటి వారంలో బిల్లుల కాల్స్ ముంచెత్తే ప్రాసెస్‌లైతే ఆ వారం పాత పద్ధతికి వెళ్లండి, ఎవరూ తప్పుపట్టరు. బ్రేక్ పదిహేను నిమిషాలకు తగ్గకూడదు. ఆరో అంతస్తు నుంచి లిఫ్టులో దిగి, గేటు బయట బండి దగ్గర చాయ్ తాగి, తిరిగి కార్డు స్వైప్ చేయడానికి పది నిమిషాలు ఎటూ చాలవు.

లంచ్ సంగతికి వస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 250 మందికి మించి పనిచేసేచోట క్యాంటీన్, 150 మందికి మించితే కూర్చుని తినడానికి గది ఉండాలన్న ఏర్పాటుండేది. మన ఫుడ్‌కోర్టులు వాటికంటే ఎంతో గొప్పగా ఉంటాయి. కూర్చుని తినే తీరికే ఉండదు. ఒంటిగంటకు మూడు ఫ్లోర్లు ఒక్కసారిగా దిగుతాయి, కౌంటర్ల దగ్గర పన్నెండు నిమిషాలు లైన్లోనే పోతాయి, తర్వాత నలుగురు పట్టే టేబుల్ దొరికితే దొరికినట్టు. ఈలోపు ఒంటిగంటన్నరకు ఇంగ్లండ్ క్లయింట్లతో స్టాండప్ (రోజువారీ చిన్న మీటింగ్) మొదలు. అక్కడ ఎండాకాలంలో ఉదయం తొమ్మిదంటే మనకు అదే సమయం. వాళ్ల చలికాలంలో రెండున్నర అవుతుంది కాబట్టి ఆ నెలల్లో మన లంచ్ బతికిపోతుంది. క్లయింటుతో ఒక్కసారి మాట్లాడి ఎండాకాలం స్టాండప్‌ను అరగంట ఆలస్యంగా పెట్టండి. చాలామంది క్లయింట్లకు అదేమంత పట్టింపు కాదు, అడిగినవాళ్లే లేరు. ఒక్కో ఫ్లోర్‌కు నలభై నిమిషాల లంచ్ స్లాటు ఇచ్చి, ఆ వేళ క్యాలెండర్లో మీటింగ్ పెట్టే వీల్లేకుండా లాక్ చేయండి. నలుగురి టేబుళ్లు కొన్ని తీసేసి ఎనిమిది మంది కూర్చునే బల్లలు వేయండి. నలుగురి టేబుల్ దగ్గరకు ఐదోవాడు రాడు. ఎనిమిది మంది బల్ల దగ్గర ఖాళీ ఉంటే కొత్తవాడు కూడా ట్రే పట్టుకుని ధైర్యంగా వచ్చి కూర్చుంటాడు.

హాట్ డెస్కుల (ఎవరికీ సొంత సీటు లేకుండా రోజూ బుక్ చేసుకునే పద్ధతి) గురించి క్లుప్తంగా. బుకింగ్ యాప్ అర్ధరాత్రి తెరుచుకుంటుంది, నిద్ర మానుకున్నవాళ్లకు కిటికీ పక్క సీటు, మిగతావాళ్లు తలా ఒక ఫ్లోర్. దూరం పెరిగేకొద్దీ మాటలు ఎంత వేగంగా పడిపోతాయో ఎంఐటీ ఆచార్యుడు థామస్ అలెన్ 1970లలోనే లెక్క తేల్చారు. 50 మీటర్లు దాటితే రోజువారీ సంభాషణ దాదాపు ఉండదు. ఫ్లోర్ మారితే మరీను. టీమ్‌కు వారంలో ఏవైనా రెండు రోజులు ఖాయం చేసి, ఆ రోజుల్లో పది, పన్నెండు సీట్లు ఒకేచోట టీమ్ పేరు మీద బ్లాక్ చేయండి. మూడో రోజు ఎవరిష్టం వాళ్లది. మూడు రోజులు రావాలని చెప్పి ఎవరు ఏ రోజు రావాలో చెప్పకపోతే, ఉప్పల్ నుంచి గంటన్నర ప్రయాణం చేసి వచ్చినవాడు కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇంట్లో కూర్చున్న తన టీమ్‌తోనే మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో మాట్లాడతాడు.

కొత్తగా చేరినవాళ్లకు బడ్డీని (దారిచూపే తోటి ఉద్యోగిని) ఇస్తున్నామని మీ ఇండక్షన్ స్లైడ్లో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ తన కొత్త ఉద్యోగులను అడిగి, 2019లో ఫలితాలు బయటపెట్టింది. మొదటి 90 రోజుల్లో బడ్డీని ఒక్కసారి కలిసినవాళ్లలో 56 శాతం మంది, ఎనిమిది సార్లకు మించి కలిసినవాళ్లలో 97 శాతం మంది తాము త్వరగా పని అందుకోవడానికి బడ్డీ తోడ్పడ్డారన్నారు. బడ్డీ పేరు ఇవ్వడం కాదు, కలవడం ముఖ్యమని తేలిపోయింది. మరి మన దగ్గర ఎందుకు కలవరు? టైమ్‌షీట్ వల్ల. వారానికి నలభై గంటలు బిల్లబుల్ (క్లయింటు డబ్బు చెల్లించే పని) చూపించాల్సినవాడు కొత్తవాడితో కూర్చున్న గంటను ఏ కోడ్ కింద రాయాలి? దానికి ఒక నాన్‌బిల్లబుల్ కోడ్ తెరవండి. వారానికి రెండు గంటలు, పన్నెండు వారాలు. బడ్డీ అదే మేనేజర్ కింద ఉండకూడదు, అదే అప్రైజల్ (పనితీరు రేటింగ్) పోటీలో ఉండకూడదు. ఒకరికి ఒకేసారి ఇద్దరికి మించి కొత్తవాళ్లను అంటగట్టకండి. ఆర్నెల్ల ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చే ఉద్యోగినులకు కూడా ఇదే ఏర్పాటు కావాలి. వాళ్లు తిరిగొచ్చేసరికి టీమ్‌లో సగం పేర్లు కొత్తవి, లంచ్ గుంపులు మారిపోయి ఉంటాయి. వాళ్లకు కొత్త ఉద్యోగి కిట్ అక్కర్లేదు, కూర్చోవడానికి ఒక బల్ల కావాలి.

ఇప్పుడు అసలు చిక్కు, అప్రైజల్. ఎనిమిది మంది టీమ్‌లో ఒకరికి తప్పనిసరిగా అట్టడుగు రేటింగ్ ఇవ్వాలనే బెల్ కర్వ్ ఉన్నచోట మీరు ఎన్ని పండగలు చేసినా దండగే. ఒక జూనియర్ బిల్డ్ ఎర్రర్ దగ్గర రెండు రోజులుగా కొట్టుకుంటున్నాడనుకోండి. పక్క సీటువాడికి అది పావుగంట పని. అడిగితే వీడికి రాదని తెలిసిపోతుంది, చెబితే వాడికి పోటీ తయారవుతుంది. ఇద్దరూ నోరు మెదపరు. మూడో రోజు స్టాండప్‌లో టాస్క్ 'ఇన్ ప్రోగ్రెస్' అనే కనిపిస్తుంది, స్ప్రింట్ (పని విడత) చివర్లో ఆ భారం అందరి నెత్తినా పడుతుంది. మైక్రోసాఫ్ట్ ఈ తరహా ర్యాంకింగ్‌ను 2013 నవంబరులో ఎత్తేసింది. మీరు పూర్తిగా ఎత్తేయలేకపోతే కనీసం రేటింగుల పంపకాన్ని చిన్న టీమ్ స్థాయిలో కాకుండా యాభై మందికి తగ్గని పూల్ మీద చేయండి. అప్పుడు మీ పక్క సీటువాడి రేటింగు మీ రేటింగును తినేయదు.

మేనేజరుకు, కింద పనిచేసేవాళ్లకు మధ్య స్నేహం మీద మా అభిప్రాయం వేరు. అక్కడ మర్యాద, నమ్మకం చాలు. సాన్నిహిత్యం పెరిగిందంటే రేటింగ్ మీద అనుమానాలు తప్పవు, ఒక్కోసారి ఆ అనుమానాలు నిజం కూడా. పాత బ్యాచ్‌మేట్లలో ఒకరు ప్రమోట్ అయి మరొకరికి మేనేజర్ అవుతుంటారు, అది ఆపలేం. అలాంటప్పుడు ఆ సంగతి హెచ్‌ఆర్‌కు చెప్పి, ఆ ఒక్కరి రేటింగ్‌ను వేరే మేనేజర్ ఖరారు చేయాలి. ఇద్దరికీ అదే క్షేమం.

మహిళల విషయంలో లెక్క ఇంకా తేడాగా ఉంటుంది. గ్యాలప్ అనే సర్వేల సంస్థ అమెరికాలో చూసినదాన్నిబట్టి, ఆఫీసులో ఆత్మీయ నేస్తం ఉందని గట్టిగా చెప్పిన మహిళల్లో 63 శాతం మంది మనసు పెట్టి పనిచేస్తుంటే, అలా చెప్పలేనివాళ్లలో 29 శాతమే. మన దగ్గర అవుటింగులు రాత్రి ఏడుకు పబ్బులో పెడతారు. పిల్లలున్నవాళ్లు రారు, తాగనివాళ్లు కోక్ పట్టుకుని మూల నిలబడతారు, వచ్చినవాళ్లే మర్నాటి నుంచి 'మన గ్యాంగ్' అయిపోతారు. ఖర్చు కంపెనీదైనప్పుడు సమయం కూడా కంపెనీదే కావాలి: మధ్యాహ్నం మూడు నుంచి ఐదు. పాష్ (ఆఫీసులో లైంగిక వేధింపుల నివారణ) శిక్షణ తీరు కూడా మార్చాలి. 2013 చట్టం ప్రకారం పది మంది ఉన్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు సీనియర్ మహిళ కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుండాలి. చట్టం వద్దన్నది ఎదుటివాళ్లకు ఇష్టంలేని లైంగిక ప్రవర్తనను. మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి టీ తాగడాన్ని అది వద్దనలేదు. మన శిక్షణలు భయపెట్టడంతోనే సరిపెడుతున్నాయి. దాంతో మంచివాళ్లు మహిళా సహోద్యోగులతో మాట్లాడడమే తగ్గించేస్తారు, వేధించేవాడు మాత్రం ఆ క్విజ్‌లో నూటికి నూరు తెచ్చుకుంటాడు.

స్నేహం ముదిరి ముఠా కావడం గురించి దాచాల్సిన పనిలేదు. ఊరు, కాలేజీ, కులం, భాష, వీటిలో ఏదో ఒకటి ఆధారంగా గుంపు కట్టడం మనకు కొత్త కాదు. పదిమందిలో ఎనిమిది మంది తెలుగువాళ్లుంటే జోకులన్నీ తెలుగులోనే పేలుతాయి, ఆ ఒడియా అబ్బాయి, ఆ బెంగాలీ అమ్మాయి ఫోన్ చూసుకుంటుంటారు. డబ్బా తెరవగానే ఎవరేం తింటారన్న ఆరా, ఇంటిపేరు అడిగి కులం లాగడం, ఇవి స్నేహం పేరుతో జరిగే పనులే. వీటిని సర్క్యులర్‌తో ఆపలేరు. రిఫరల్స్ (ఉద్యోగుల సిఫారసుతో చేరేవాళ్లు) అన్నీ ఒకే కాలేజీ నుంచి వస్తున్నాయేమో హెచ్‌ఆర్ చూడాలి, ఒక టీమ్‌లో మూడో వంతుకు మించి ఒకరి రిఫరల్సే లేకుండా చూసుకోవాలి. క్యాబ్ గ్రూపుల గొప్పతనం కూడా ఇక్కడే. అవి పిన్‌కోడ్‌ను బట్టి కుదిరేవి. టెస్టింగ్ వాడు, ఫైనాన్స్ ఆమె, నెట్‌వర్క్ అతను ఒకే బండిలో పడతారు. వాళ్ల కాలేజీలు వేరు, మేనేజర్లు వేరు.

వీటన్నిటికీ మీ జవాబు ఒకటుంది, మాకు తెలుసు: స్నేహితులైతే గుంపుగా రాజీనామాలు చేస్తారని. నిజమే, ఒకరు వెళ్తే ఇంకొకరు కదులుతారు. కానీ ఒంటరిగా ఉన్నవాడికి వేరే కంపెనీ ముప్పై శాతం ఎక్కువిస్తానంటే ఆలోచించడానికేముంది? స్నేహితులున్నవాడు నోటీసు పెట్టేముందు కనీసం ఇద్దరితో మాట్లాడతాడు. ఆ ఇద్దరిలో ఒకరు మీ మనిషైతే అతను ఆగే అవకాశం ఉంది. గుంపుగా వెళ్లిపోయారంటే ఆ గుంపుకు ఉమ్మడిగా ఏదో కాలి ఉంటుంది. ఎగ్జిట్ ఇంటర్వ్యూ విడివిడిగా చేస్తే అది బయటపడదు.

పోయేవాళ్ల విషయంలో మరోమాట. లేఆఫ్ మెయిల్ వచ్చిన గంటలో లాప్‌టాప్ లాక్ చేయడం మీ సెక్యూరిటీ అవసరం అనుకుందాం. సోర్స్ కోడ్ యాక్సెస్ తీసేయండి, మెయిల్, చాట్ మాత్రం సాయంత్రం వరకు ఉంచండి. ఉదయం పక్కన కూర్చున్న మనిషి మధ్యాహ్నానికి డైరెక్టరీలోంచి మాయమైతే, మిగిలినవాళ్లు ఇక్కడ ఎవరితోనూ మనసు కలపకపోవడమే మేలని నేర్చుకుంటారు. ఆ పాఠం ఏ టీమ్ బిల్డింగ్‌తోనూ పోదు.

వైజాగ్, వరంగల్, ఖమ్మం నుంచి పూర్తిగా ఇంటి దగ్గరే పనిచేసేవాళ్లకు పైన చెప్పినవేవీ వర్తించవు. వాళ్లను మూడు నెలలకోసారి రెండు రోజులు పిలిపించండి, టికెట్టు, బస మీవే. ఆ రెండు రోజుల్లో ఒక పూట మాత్రమే రివ్యూలు పెట్టండి. రెండు రోజులూ పీపీటీలతో నింపితే రైలు ఖర్చు దండగ.

ఫలితం కొలవాలంటే ఏడాదికి రెండుసార్లు ఒక ప్రశ్న అడగండి. గ్యాలప్ తన 12 ప్రశ్నల్లో పదోదిగా అడిగేది ఇదే: ఆఫీసులో మీకు ప్రాణస్నేహితులెవరన్నా ఉన్నారా? పేర్లు అడగకండి. పది మందికి తక్కువున్న టీమ్ ఫలితం విడిగా చూపించకండి, ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది. ఆ మార్కును మేనేజర్ల కేఆర్ఏలో (వాళ్ల పనితీరును కొలిచే అంశాల్లో) మాత్రం పెట్టొద్దు. పెట్టారో, సర్వేకు ముందురోజు టీమ్ అందరికీ బిర్యానీ వస్తుంది, అందరికీ ప్రాణస్నేహితులు పుట్టుకొస్తారు. కార్డు స్వైపులు, చాట్ లాగ్‌లు చూసి ఎవరికి ఎవరు స్నేహితులో కనిపెట్టే డ్యాష్‌బోర్డులు అమ్మడానికి వెండర్లు వస్తారు. వాళ్లకు టీ ఇచ్చి పంపేయండి.

అన్నీ ఒకేసారి అడగడం లేదు. ఏప్రిల్ నుంచి ఒక ఫ్లోర్, 120 మంది, 13 వారాలు. మూడే మార్పులు: రూట్ గ్రూపుల లాక్, టీమ్ బ్రేక్, నలభై నిమిషాల లంచ్. ఆ 13 వారాల్లో రాజీనామాలు, క్యాబ్ నో-షోలు (బుక్ చేసి ఎక్కనివాళ్లు), సగటు కాల్ సమయం ఎలా ఉన్నాయో పక్క ఫ్లోర్‌తో పోల్చి చూడండి. తేడా లేకపోతే పాత పద్ధతికే వెళ్దాం. ఎల్బీ నగర్, ఉప్పల్, కూకట్‌పల్లి, మెహదీపట్నం వైపు రూట్ల ముసాయిదా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ దగ్గర సిద్ధంగా ఉంది. అడ్మిన్ హెడ్ ఆమోదం మెయిల్ రూపంలో వస్తే ఏప్రిల్ మొదటి సోమవారం షిఫ్టు నుంచే అమల్లో పెట్టొచ్చు.

ఇట్లు,
మీ టీమ్ లీడ్లు, రోస్టర్, ట్రాన్స్‌పోర్ట్, హెచ్‌ఆర్ సిబ్బంది కొందరు